వెండి పిల్లి

బుక్కరాయసముద్రం చుట్టుపక్కల మొక్కుబడి వెండి ఎవరికి కావాలన్నా జయరాముడి అంగడికే రావాలి. కండ్ల జబ్బు నయమైతే వెండి కండ్లు, విరిగిన కాలు అతుక్కుంటే వెండి కాలు, కడుపు పండకపోతే వెండి ఊయల, చేలో పామును చంపితే వెండి పడగ. నలభై ఏండ్లుగా ఆయనకు అదే పని. వాన పడని ఏడు గిరాకీ ఇంకా ఎక్కువ. కరువొస్తే జనం దేవుణ్ణి మరిచిపోతారని ఎవరన్నా అంటే, వాళ్ళు అనంతపురం జిల్లా మొహం చూడలేదన్నమాట.

పని నేర్పిన తండ్రి ఒకే ఒక్క కట్టుబాటు పెట్టి పోయాడు. కొలత అడుగు, కారణం అడగవద్దు. మొక్కు చెప్పుకోవాల్సింది దేవుడికి, కంసాలికి కాదనేవాడు. గుట్టు బయటపడితే ప్రాయశ్చిత్తం పారదని ఆయన నమ్మకం. జయరాముడు ఆ మాట జవదాటలేదు. పడగ చేయించుకున్న వాణ్ణి పాము ఏ గట్టున చచ్చిందని కూడా అడిగిన పాపాన పోలేదు. ఊరంతా ఆ నిష్ఠను మెచ్చుకునేది. మెచ్చుకోవడానికేం, మాట ఊరికే వస్తుంది.

ఆ సోమవారం మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి అంగడి మెట్టు మీద కూలబడ్డాడు. గడ్డం మాసింది, కండ్లు లోపలికి పోయాయి. పేరు ఓబుళేసు, ముదిగుబ్బ దగ్గర పల్లె, వేరుశనగ సేద్యం. జేబులోంచి చేతిగుడ్డ మూట తీసి విప్పాడు. చిన్నపిల్ల కాలిగొలుసులు. మువ్వల సందుల్లో ఇంకా మట్టి ఉంది.

"ఆస్పత్రిలో కాలికి సూది గుచ్చల్లని నర్సమ్మ తీయించిందన్నా. మా పాపవి," అన్నాడు. "వీటితో పిల్లిని చేసియ్యల్ల. నా చేతిలో పిల్లి చచ్చింది. ఆ ఉసురు తగిలి పాపకు కామెర్లు లేచినాయి. పిల్లిని చేయించి గుళ్ళో ఇస్తే లేస్తాదని మాయమ్మ చెప్పింది."

పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని దానమివ్వాలని పెద్దలు అనగా జయరాముడు విన్నాడు. బంగారం లేనివాడికి వెండి. అయినా ఇన్నేండ్లలో పిల్లి కావాలని వచ్చినవాడు ఇతనొక్కడే. పామును చంపితే పదిమందికి చెప్పుకుంటారు, పిల్లిని చంపితే పక్కలో పెండ్లానికి కూడా చెప్పరు. ఎట్ల చచ్చిందప్పా అన్న మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. తండ్రి గుర్తొచ్చాడు. మింగేశాడు.

ఎంత కొలత అని మాత్రం అడిగాడు. ఆ వెండికి ఎంతొస్తే అంత, రేపటికి కావాలన్నాడు ఓబుళేసు.

పనికి కూర్చున్నాక గానీ తెలియలేదు, పిల్లికి తన దగ్గర అచ్చు లేదని. గొలుసులను మూసలో వేసి కరిగించాడు. రేకు సాగగొట్టి, లక్క మీద పరిచి, ఉలితో రూపం ఎత్తాడు. మంగళవారం సాయంత్రానికి ఒక జంతువు తయారైంది. కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు ఐశ్వర్య చూసి, ఇది మన వీధి కుక్క కదా తాతా అంది. నిజమే, మూతి అంతా కుక్కదే. అంతలోనే ఓబుళేసు వచ్చాడు. రేపు రమ్మంటే తల వంచుకుని పోయాడు.

ఐశ్వర్య ఫోను తీసి లోకంలో పిల్లులన్నిటినీ తాత ముందు పెట్టింది. ఈజిప్టులో చెవులకు బంగారు పోగులతో మహారాణిలా కూర్చున్న కంచు పిల్లి. అక్కడ దాన్ని దేవతగా కొలిచేవాళ్ళట, చస్తే గుడ్డలు చుట్టి దాచేవాళ్ళట. యూరపు పటాల్లో అదే పిల్లి నల్లగా మంత్రగత్తె పక్కన చేరింది, దయ్యానికి చుట్టం. జపాను పిల్లి చెయ్యెత్తి గిరాకీని పిలుస్తుంది. రాప్తాడు రోడ్డులో సెల్లుఫోన్ల అంగడి గల్లాపెట్టె మీద ఊగే బొమ్మ అదేనని ఆయనకు అప్పుడు తెలిసింది. మహాబలిపురం బండ మీద ఒక పిల్లి ఒంటి నిండా భక్తితో చేతులు పైకెత్తి తపస్సు చేస్తోంది, దాని కాళ్ళ దగ్గర ఎలుకలు. ఆ దొంగజపం చూసి జయరాముడు కడుపారా నవ్వాడు. ఒక చోట దేవత, ఒక చోట దయ్యం, మనకేమో ఎదురొస్తే అపశకునం. ఇంతమంది ఇన్ని అంటగట్టినా దాని ధ్యాసంతా ఎలుక మీదే.

చివర్లో ఒక బెంగాలు పటం వచ్చింది. షష్ఠీదేవి, ఒడిలో పసిబిడ్డ, కాళ్ళ దగ్గర ఆమె వాహనం పిల్లి. పిల్లల్ని కాచే తల్లి అని ఐశ్వర్య చదివి చెప్పింది. ఆ పాపకు ఈ పిల్లే కావాలి అనుకున్నాడు జయరాముడు. కుక్కమూతి రేకును తిరిగి మూసలో వేశాడు. బుధవారం చేసింది పులిలా వచ్చింది. ఆ సాయంత్రం ఓబుళేసు వచ్చి, పాప కడుపు ఉబ్బుతాండాదని చెప్పి, ఎట్లుంటే అట్ల ఇచ్చేయమని బతిమాలాడు. మంచి పనికి తొందర పనికిరాదని చెప్పి పంపించి, పులిని కూడా కరిగించాడు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ రెండు రోజులూ ఆయన పాపను మరిచిపోయాడు. అచ్చుల మీద కొట్టి కొట్టి మొద్దుబారిన చేతికి ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది. సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషం గుర్తొస్తే తర్వాత ఆయనకు ముద్ద దిగేది కాదు.

గురువారం పొద్దున్నే లేచి కూర్చుని, ఓబుళేసు వచ్చేసరికి పిల్లిని ముగించాడు. తోకను కాళ్ళ చుట్టూ తిప్పుకుని, చెవులు నిక్కించి, ఎవరికో కాపలా కూర్చున్నట్టు ఉంది. ఓబుళేసు దాన్ని అరచేతిలో పెట్టుకుని బోరుమన్నాడు, అచ్చం మా పిల్లేనన్నాడు. గుండె బరువు దిగిందేమో, అడగకుండానే చెప్పుకుపోయాడు. విత్తనం కాయల మూటలు ఇంట్లోనే ఉన్నాయి. ఎలుకలు కొరుకుతుంటే శుక్రవారం సాయంత్రం నాలుగు బొరుగుల ఉండలకు ఎలుకల మందు పూసి మూటల వెనక పెట్టాడు. తెల్లారి చూస్తే పిల్లి అక్కడే చచ్చి ఉంది, ఉండలు లేవు. ఆ రోజే పాపకు వాంతులు. ఆదివారం బాగానే ఆడుకుంది. సోమవారం తెల్లారేసరికి కండ్లు పచ్చబడ్డాయి.

జయరాముడి చేతిలో పట్టకారు ఆగిపోయింది. మూడు రోజులుగా పిల్లి తప్ప ఇంకొకటి తలవని మనిషి ఆయన.

"ఉండలు బెల్లంవే కదప్పా?"

"అవునన్నా."

"పిల్లి బెల్లం ఉండ తింటాదా?"

ఓబుళేసు అరచేతిలోని పిల్లి వైపు చూశాడు.

"పిల్లి తినింది ఎలుకను. ఆ ఎలుక ఒక ఉండ తినింటాది. మిగిలినవి ఎవరు తిన్యారు?" జయరాముడు పట్టకారు పక్కన పడేసి లేచాడు. "డాక్టరుకు మందు సంగతి చెప్పినావా?"

"పిల్లిని చంపినానని అంతమందిలో ఎట్ల చెప్పేదన్నా."

అంగడి తలుపు కూడా వేయకుండా ఆటో పిలిచి ఇద్దరూ ఆస్పత్రికి పరుగెత్తారు. సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు. ఏం తినిందని వచ్చిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నామని, సోమవారమే చెప్పి ఉంటే వేరే దారి చూసేవాళ్ళమని అన్నాడు. పక్కనే నిలబడి ఓబుళేసు భార్య చౌడేశ్వరి అంతా విన్నది. మందు పెట్టిన మరునాడు పొద్దున పాప చెంపకు బొరుగులు అంటుకుని ఉంటే, పక్కింటివాళ్ళు పెట్టినారనుకుని తానే కొంగుతో తుడిచిందట. అది చెప్పి పాప మంచం దగ్గరికి పోయింది. రెండు రోజులకు, శనివారం తెల్లవారుజామున పాప పోయింది. నాలుగేండ్లు.

దినాలు అయ్యాక చౌడేశ్వరి ఒక్కతే బస్సు దిగి అంగడికి వచ్చింది. వెండి పిల్లిని బల్ల మీద పెట్టింది.

"గుళ్ళో ఇయ్యలేదు. కరిగించన్నా. గొలుసులే చేయి."

జయరాముడు పిల్లిని ముట్టలేకపోయాడు. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకు భరించరానిదైంది.

"ఎట్ల చచ్చిందని ఆ పొద్దే ఒక మాట అడిగింటే, ఆయప్ప చెప్పేటోడు కదన్నా," అంది.

తండ్రి పెట్టిన కట్టుబాటు గురించి చెబుదామనుకున్నాడు. ఆమె మొహం చూశాక ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. గొలుసులు ఇప్పుడు ఎవరికమ్మా అని కూడా అడగలేదు. ఇక అడగాల్సింది కొలత ఒక్కటే. నలభై ఏండ్లుగా తడుముకోకుండా అడిగిన మాట. రెండు సార్లు నోరు తెరిచాడు, రాలేదు.

చౌడేశ్వరి కొంగు ముడి విప్పి, దిష్టికని పాప కాలికి కట్టిన నల్లదారం తీసింది. ముడి ముడిగానే ఉంది. దాన్ని గుండ్రంగా సర్ది పిల్లి పక్కన పెట్టింది.

"ఇదీ కొలత," అంది.