హిల్యా చేతుల వేడి

పొద్దున్నే సిల్వి చేసే మొదటి పని పిండిలో కొవ్వు కలపడం. మాంసం, బంగాళాదుంపలు కూరి కాల్చే పాస్టీల పైపొర పెళుసుగా రావాలంటే కొవ్వు కరగకూడదు. కొవ్వు కరగకూడదంటే చేతులు చల్లగా ఉండాలి. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ రాగి గనుల ఊళ్ళో సిల్వి చేతులంత చల్లని చేతులు ఇంకెవరికీ లేవు. కొట్టులో చిల్లర తీసుకునేటప్పుడు వేళ్ళు తగిలితే చాలు, జనం ఉలిక్కిపడి నవ్వేవాళ్ళు.

"నిన్నెవడూ ఎందుకు చేసుకోలేదో ఇప్పుడర్థమైంది సిల్వీ. మంచుగడ్డని పక్కన పెట్టుకుని ఎవడు పడుకుంటాడు?" అనేవాడు పాలబండి ముసలాయన.

"నీ పాస్టీ చల్లారుతోంది, తిని పో," అనేది సిల్వి.

వాళ్ళ నాయనమ్మ హిల్యా సంగతి వేరు. ఆవిడ చేతులు ఎప్పుడూ చల్లారేవి కావు. గని ఆసుపత్రిలో నర్సుగా చేరిన నాటి నుంచి ఎంత తుఫానులోనూ గ్లౌజులు తొడిగి ఎరగదు. ఆవిడ అరచెయ్యి ఆనిస్తే ఏలకుల రొట్టె పిండి పొయ్యి సాయం లేకుండానే పొంగేది. నీలంగా పుట్టిన పిల్లలు ఆ చేతుల్లో పడగానే కేర్‌మనేవాళ్ళు. ఊళ్ళో సగం మంది తల్లులకి ఇళ్ళ వెనక ఆవిరిస్నానాల గదుల్లో ఆవిడే పురుడు పోసింది. నాయనమ్మని పిలిచే ఫిన్లాండు మాటతో ఊరంతా ఆవిడని "మమ్మో" అనే పిలిచేవాళ్ళు, అందరికీ సొంత నాయనమ్మ అయినట్టు. అది విన్నప్పుడల్లా సిల్వికి ఒళ్ళు మండేది.

తొంభై దాటాక, ఒక ఫిబ్రవరిలో, హిల్యా నిద్రలోనే పోయింది. ఆ ఊళ్ళో చలికాలం పోయినవాళ్ళని వెంటనే పూడ్చరు. నేలలోకి గడ్డపార దిగదు. స్మశానంలోని రాతిగదిలో పెట్టి మే నెల దాకా ఆగుతారు. ఆ గది తాళం కాటికాపరి అర్వో దగ్గరుంటుంది.

ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో కాఫీలు. పాదిరి గారి భార్య ఐలి లేచి, అందరూ ఎదురుచూస్తున్న కథ ఎత్తుకుంది.

"గుమ్మాలు మంచుతో మూసుకుపోయిన రాత్రి, మమ్మో స్కీలు కట్టుకుని వెళ్ళి మన అర్వో వాళ్ళమ్మకి పురుడు పోసింది. వీడు ఊపిరి లేకుండా పుట్టాడు. తెల్లారేదాకా రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు చూడండి, దున్నపోతులా ఎలా ఉన్నాడో!"

అందరూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పండి ఐలి గారూ," అంది సిల్వి.

ఎవరో ఆమె కప్పులో మళ్ళీ కాఫీ పోశారు. "ఇవాళ అవన్నీ ఎందుకులేమ్మా," అంటూ ఐలి రొట్టెముక్క అందించింది.

ఆ రాత్రి సిల్వి తండ్రికి న్యుమోనియా. తల్లి అప్పటికే లేదు. హిల్యా తన కొడుకు ఛాతీ మీద చేతులు వేసి కూర్చుంది. ఆ చేతులున్నంతసేపూ ఊపిరి సాఫీగానే ఆడింది. అంతలో అర్వో తండ్రి వచ్చి తలుపు బాదాడు. హిల్యా లేచి, ఆరేళ్ళ సిల్వి చేతులు పట్టుకుని తండ్రి ఛాతీ మీద పెట్టింది. "ఇక్కణ్ణించి తియ్యకు. ఇప్పుడే వచ్చేస్తా," అంది. సిల్వి తియ్యలేదు. ఛాతీ కదలడం మానేశాక కూడా తియ్యలేదు. తెల్లారి హిల్యా వచ్చి ఒక్కో వేలూ విడదియ్యాల్సి వచ్చింది. ఆ చేతులు మళ్ళీ వేడెక్కలేదు. నాయనమ్మ ఆ తర్వాత వాటిని పట్టుకోనూ లేదు. పట్టుకోబోయి, ఆగిపోయి, వెళ్ళి రొట్టె పిండి పిసికేది.

మరుసటి వారం అర్వో కొట్టుకి వచ్చాడు.

"రాతిగది కప్పు మీద మంచు నిలవడం లేదు సిల్వీ. చూరంతా నీళ్ళు కారుతున్నాయి. మమ్మో చేతులు ఇంకా చల్లారలేదు."

"ఆవిడ చేతులంటే ఏమనుకున్నావు మరి," అంది వరసలో ఉన్న ఒకావిడ, ఇంకో రెండు పాస్టీలు కట్టమంటూ.

సిల్వి ఏప్రన్ విప్పేసింది. "తాళం ఇటివ్వు."

రాతిగది గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. పెట్టె మూత ఎత్తింది. హిల్యా మొహం మైనంలా పాలిపోయింది, చేతులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"ఊరందరికీ పంచావు," అంది సిల్వి. "చచ్చాక ఈ గది కప్పుక్కూడా పంచుతున్నావు. నా వంతేది?"

తన చేతులు రెండూ ఆ చేతుల కిందికి దూర్చింది. ఏడ్చింది. నోటికొచ్చినట్టు తిట్టింది. లేచేసరికి హిల్యా చేతులు చల్లబడిపోయాయి. బయట చూరు నీళ్ళు కారుతున్నవి కారుతున్నట్టే గడ్డకట్టాయి.

మర్నాడు పిండిలో చెయ్యి పెడితే కొవ్వు కరిగి కారింది. పాస్టీలు తోలులా సాగాయి. పాలబండి ముసలాయన ఒక ముక్క కొరికి, ఏమీ అనకుండా మిగతాది కాగితంలో చుట్టుకుపోయాడు. ఆయన వేళాకోళాలన్నిటికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. శనివారానికి కొట్టు ముందు ఒక్కరూ లేరు. అడగక అడగక తన వంతు అడిగితే కూటికే ఎసరొచ్చింది. ఏం చెయ్యాలో తోచక ఏలకుల రొట్టెకి పిండి కలిపింది. జన్మలో మొదటిసారి అది ఆమె చేతికింద పొంగింది. ఒప్పుకోడానికి మనసు రాలేదు గాని, సంతోషంగానే ఉంది.

అప్పుడు ఎవరో తలుపు బాదారు. అర్వో. మీసాల నిండా మంచు.

"నా మనవరాలికి ఛాతీ పట్టేసింది. దారి మూసుకుపోయింది, డాక్టరు రాలేనన్నాడు."

"నేను పాస్టీలు అమ్ముకునేదాన్ని."

"తాళం తిరిగిచ్చినప్పుడు నీ వేళ్ళు వెచ్చగా తగిలాయి సిల్వీ." అర్వో తలెత్తలేదు. "రానంటే నిన్నేమీ అనను. ఆ రాత్రి మావాళ్ళు మీ తలుపు కొట్టకపోతే మీ నాన్న బతికేవాడు. ఊహ తెలిసినప్పట్నుంచీ నాకది తెలుసు. ఆయన సమాధి మీద గడ్డి ఇంకెవరినీ కొయ్యనివ్వను."

ఊరంతట్లో ఎవరో ఒకరు ఆ మాట అంటారని ఇన్నేళ్ళూ ఎదురుచూసింది. తీరా అన్నవాడు వీడా! తలుపు వీడి మొహానే వేసెయ్యాలనిపించింది. వెయ్యబోయిన చెయ్యి వెళ్ళి కోటు అందుకుంది. రెండో చెయ్యి దాన్ని ఆపలేదు. తన చేతులు తన మాట వినడం లేదని సిల్వికి తెలిసింది. ఆ రాత్రి నాయనమ్మ చేతులు కూడా ఆవిడ మాట వినలేదేమో.

"నోరు ముయ్యి, పద," అంది.

గుమ్మం దగ్గర వెనక్కి చూసింది. ఇంట్లో ఎవరూ లేరు. పిండి గిన్నె అంచు దాటి పొంగుతోంది. "ఇప్పుడే వచ్చేస్తా," అంది, అలవాటున్నదానిలా. ఆ మాట ఎవరిదో మరుక్షణం గుర్తొచ్చింది. నాయనమ్మ ఎందుకు వెళ్ళిందో అర్థమైంది. అర్థమైనా క్షమించలేదు. ఆవిణ్ణి ఇంకోసారి తిట్టుకుంటూ, ఒట్టి చేతులతో మంచులోకి దిగింది.