వెచ్చబెట్టిన చేతులు

షకీబా నడక కుదరడానికి నెల పైనే పట్టింది. పట్టదా మరి? ఏళ్ల తరబడి సైన్యంలో ఉండి, వీపున బరువు మోస్తూ కొండలెక్కిన మనిషిని ఒక్కసారిగా అత్తగారి వెనకాల తలవంచుకుని నడిచే పల్లెటూరి కోడలైపొమ్మంటే కాళ్లు ఊరుకుంటాయా? బురఖా ముఖాన్ని దాస్తుంది, జుట్టును దాస్తుంది. నడకను మాత్రం దాచదు.

"మళ్లీ అదే నడక! నా వాకిలి కవాతు మైదానం అనుకున్నావటే?" అని సనోబర్ పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచే కేకేసేది. "భుజాలు దించు. అడుగు చిన్నగా వెయ్యి. ఏ ఇంటి కోడలైనా అలా దండెత్తి వెళ్తున్నట్టు నడుస్తుందా?"

"నాకు నేర్పింది దండెత్తడమే కదా పెద్దమ్మా."

"నోర్ముయ్యి. పెద్దమ్మ కాదు, అత్తయ్య. సరిహద్దు గేటు దగ్గర ఆ మాట నోరుజారావంటే మన ముగ్గురి బతుకులూ అక్కడే తెల్లారిపోతాయి."

ముగ్గురంటే పెద్దమ్మ, సర్వర్ పెదనాన్న, షకీబా. పెదనాన్న మూత్రపిండాలు నిజంగానే చెడిపోయాయి. వైద్యానికి పెషావర్ వెళ్లే రోగుల్ని, వెంట ఇద్దరు ఇంటివాళ్లని తోర్ఖమ్ సరిహద్దు గేటు దాటనిస్తున్నారు. ఆ ఇద్దరిలో కోడలి వేషం షకీబాది. పెదనాన్న కాళ్లు వాచిపోయాయి, మొహం మట్టిరంగుకు తిరిగింది, అయినా ఆ మహానుభావుడు ప్రయాణం వారం వారం వెనక్కి జరుపుతూ వచ్చాడు. ఎందుకంటే పిల్ల నడక ఇంకా కుదరలేదట! షకీబా వద్దని ఏడ్చి మొత్తుకున్నా వినలేదు. "నాకేం తొందర? నేనెలాగూ పడుకునే ఉన్నాను, నడవాల్సింది నువ్వు" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ షకీబా లేచి వాకిట్లో ఇంకో నాలుగు చుట్లు తిరిగేది.

కాబూల్ చెయ్యి మారిన రోజు ఆమె తల్లి యూనిఫాంనీ, సర్టిఫికెట్లనీ, బూట్లనీ రొట్టెలు కాల్చే తందూరులో వేసి తగలబెట్టింది. బూట్ల వాసన మూడు వాయిల రొట్టెలకు పట్టుకుంది. అవే రొట్టెలు ఇంటిల్లిపాదీ నోరెత్తకుండా తిన్నారు. అన్నీ కాలాయి గానీ వేలిముద్రలు కాలవు కదా. సైన్యంలో చేరినప్పుడు పది వేళ్లూ యంత్రం మీద పెట్టించుకున్నారు. ఇప్పుడా యంత్రాలు కొత్త దొరల చేతిలో ఉన్నాయి. గేటు దగ్గర అనుమానం వచ్చిన మనిషిని యంత్రం గదికి పంపుతారు. ఆ గదికి పంపకుండా ఉంటే షకీబా బతుకుతుంది, పంపితే లేదు. సంగతి అంతే.

పెదనాన్నకు ఊపిరి అందడం కష్టమైన ఒక చలికాలపు పొద్దున, ఇక ఆగడానికి వీల్లేదని ముగ్గురూ జలాలాబాద్ నుంచి బయలుదేరారు.

తోర్ఖమ్‌లో మనుషుల్ని తోపుడుబండ్ల మీద వేసుకుని తోసుకుపోతారు. పెదనాన్నను అలాంటి బండి మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బండివాడు తోస్తుంటే వెనక పెద్దమ్మ, ఆమె వెనక షకీబా నడిచారు. నడక బ్రహ్మాండంగా కుదిరింది. కాళ్లీడ్చుకుంటూ, ఒకచోట తూలిపడబోయి బురఖా అంచు తొక్కుకుంది కూడా. పెద్దమ్మ వెనక్కి తిరిగి, "కళ్లు నెత్తికెక్కాయా?" అని కసిరింది. లోపల మాత్రం ఆమె గుండె పొంగి ఉంటుంది.

మగవాళ్లను ఆరుబయట తడుముతున్నారు. ఆడవాళ్లకు పక్కన తెర కట్టారు. తెర ముందు కుర్రగడ్డం కాపలావాడొకడు తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"లోపల ఏదైనా తేడాగా అనిపిస్తే నాకు కేకెయ్యి. యంత్రం గది ఖాళీగానే ఉంది" అని తెరలోపలి మనిషికి వినబడేలా అన్నాడు.

పెద్దమ్మ వెళ్లింది, సోదా అయింది, అటువైపు నుంచి బయటికి పోయింది. షకీబా లోపలికి అడుగుపెట్టింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. నెల రోజులూ నడక నేర్చుకున్నారు, మాట నేర్చుకున్నారు, అత్తయ్య అనడం నేర్చుకున్నారు. సోదా చేయించుకోవడం ఎలాగో ఇద్దరికీ తట్టలేదు. షకీబాకు సోదా కొత్తా? ఆమె ఉద్యోగమే అది. సైనికులు ఒక ఇంటి మీదికి వెళ్లినప్పుడు, మగవాళ్ల జోలికి మగ సైనికులు పోతే, ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న గదిలోకి షకీబా లాంటివాళ్లు పోయేవారు. తరవాత కొన్ని చలికాలాలు పోలీసుల్లో చేరిన ఆడపిల్లలకు ఆ పని నేర్పింది కూడా. నేర్పేటప్పుడు సోదాకు నిలబడే ఆడదాని వేషం ఎప్పుడూ తనదే. ఎన్ని వందలసార్లు నిలబడిందో.

అందుకని తెర పడగానే ఆమె ఒళ్లు ఆమెనడగకుండానే నిలబడిపోయింది. పాదాలు ఎడంగా, చేతులు రెండూ భుజాల ఎత్తున, అరచేతులు తెరిచి ముందుకు. ఏ పల్లెటూరి కోడలూ కలలో కూడా నిలబడని తీరులో.

ఎదురుగా ఉన్న మనిషి కూడా నల్లటి ముసుగులోనే ఉంది, కళ్లొక్కటే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు పైకి లేచిన చేతుల్ని చూశాయి, ఎడంగా ఉన్న పాదాల్ని చూశాయి. షకీబాకు తను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. చేతులు దించితే మరీ అనుమానం. దించకపోయినా అనుమానమే. బయట పెదనాన్న దగ్గు వినిపిస్తోంది.

ఆ మనిషి కేకెయ్యలేదు. రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి గట్టిగా రుద్దుకుంది. ఒకసారి, ఇంకోసారి. అప్పుడు, చేతుల్లో వెచ్చదనం పుట్టాక, వేళ్ల వెనకవైపుతో షకీబా మెడను తాకింది.

షకీబా కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఈ ఒక్క సంగతి పుస్తకాల్లో లేదు, విదేశాల నుంచి వచ్చిన శిక్షకులు చెప్పిందీ కాదు. అది షకీబా సొంత పాఠం. మంచు కొండల్లో ఎవరింట్లోనో పక్కలోంచి లేచొచ్చిన ఆడదాని మెడ మీద చల్లటి చెయ్యి పడితే ఆమె ప్రాణం ఎలా అదిరిపోతుందో చూసి, ముందు చేతులు వెచ్చబెట్టుకోండమ్మా అని పెట్టిన నియమం. దానికి ముందు ఇంకోటి ఉండేది. ఇనపటోపీ తీసి, జుట్టు చూపించి, నా పేరు ఫలానా, నేనూ ఆడదాన్నే, భయపడకు అని చెప్పాలి.

"ఉస్తాద్, చేతులు దించండి" అంది ఆ మనిషి గుసగుసగా. "పల్లెటూరి కోడళ్లు ఇలా నిలబడరు."

"ఎవరు నువ్వు?"

"వెనక వరసలో కూర్చునేదాన్ని. చెయ్యి వణుకుతోందని మీచేత తిట్లు తిన్నదాన్ని. ముందు దించండి! బురఖా కొంగు గుండెల దగ్గర గట్టిగా పట్టుకోండి. లాగినా వదలకండి. వంగండి ఇంకాస్త. సిగ్గుతో చచ్చిపోతున్నట్టు."

శిష్యురాలు చెబుతోంది, గురువు వంగుతోంది. షకీబా బురఖా అంచును పిడికిట్లో బిగించింది. ఆమెకు ఇంత కష్టమైన పాఠం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"జాగ్రత్తగా వినండి. ముందు ఇంకో తెర ఉంది. అక్కడున్నావిడ మనమనిషి కాదు, వాళ్ల మనిషి. అక్కడ గనక చేతులెత్తారో, అయిపోయింది."

"నువ్విక్కడ ఎలా...?"

"ఆడవాళ్లని తడమడానికి వాళ్లకీ ఆడవాళ్లే కావాలి కదా. పాత పోలీసుల్ని వెతికి పిలిపించారు. రానంటే తమ్ముణ్ణి పట్టుకుపోతామన్నారు."

"మాతో వచ్చెయ్. బండి వెనకాల ముసుగేసుకుని..."

"పిల్లలు ఊళ్లో ఉన్నారు ఉస్తాద్. వాళ్లని వదిలి ఎక్కడికి రాను?"

"అయితే పేరు చెప్పు."

"ఎందుకు?"

"అవతల శరణార్థుల ఆఫీసుల్లో నన్నడుగుతారు, నీతో పాటు పనిచేసినవాళ్లు ఎవరెవరున్నారని. నీ పేరు కూడా చెప్తాను."

"చెప్తే ఏమొస్తుంది?"

"ఏమొస్తుందో నాకు తెలీదు. చెప్పకుండా మాత్రం ఊరుకోను."

తెరవతల తుపాకీ కదిలిన చప్పుడైంది. "ఏయ్, లోపల పెళ్లిచూపులా ఏమన్నానా? ఎంతసేపు? ఏదన్నా తేడాగా ఉందా?"

ఇప్పుడు ఆ మనిషి నోట్లోంచి వచ్చే మాట మీదే అంతా ఉంది. ఒక్క మాటంటే ఆమె తమ్ముడికి, పిల్లలకు ఏ ఢోకా ఉండదు, పైగా మెచ్చుకుంటారు కూడా.

"తేడానా నా మొహమా!" అని ఆమె గొంతెత్తి అరిచింది. "ఇదెక్కడి మొద్దు కోడలో, కొంగు వదలమంటే వదలదు! లాగలేక నా గోళ్లు విరిగేలా ఉన్నాయి. గొడ్లపాకలోంచి తిన్నగా ఇక్కడికే తెచ్చినట్టున్నారు!"

బయట కాపలావాడు పకపకా నవ్వాడు. "పంపెయ్, పంపెయ్. వెనక జనం ఉన్నారు."

ఆమె షకీబా బురఖా సర్దుతున్నట్టు దగ్గరికి వంగింది. గొంతు వణికింది, అప్పట్లో చెయ్యి వణికినట్టే.

"నా పేరు పల్వాషా. నేనూ ఆడదాన్నే. భయపడకు."

పాఠంలో మొదట చెప్పాల్సిన మాట చివర్న చెప్పి, ఆమె షకీబాను తెర అవతలికి తోసేసింది.

రెండో తెర దగ్గర పెద్దమ్మ కాచుకునుంది. "ఇంత ఆలస్యమా" అని సణుగుతూనే షకీబా మొహంకేసి చూసింది, బురఖా కళ్ల దగ్గరి జాలీలోంచి ఏం కనబడుతుంది పాపం. ఇద్దర్నీ కలిపే లోపలికి పిలిచారు. అక్కడి ఆడమనిషి ఎత్తరి, బొంగురు గొంతు. మాట లేదు, హెచ్చరిక లేదు. ఇంతసేపూ చన్నీళ్లలో నానబెట్టినట్టున్న చేతిని షకీబా బురఖా కిందికి పోనిచ్చి నేరుగా మెడ మీద వేసింది.

"అమ్మో!"

ఆ అరుపు నటన కాదు. షకీబా ఎగిరిపడింది, కొంగు రెండు చేతులతో పట్టుకుని పెద్దమ్మ వెనక్కి దూరింది. "అత్తయ్యా, చూడండి ఈవిడ... అత్తయ్యా!" నెల రోజులు బలవంతాన పలికించినా పలకని పిలుపు గొంతులోంచి దానంతటదే ఊడిపడింది. పల్వాషా చెప్పినట్టు పిడికిలి వదల్లేదు, పాదాలు దగ్గరికి ముడుచుకుంది, భుజాలు కుంచించుకుంది.

పెద్దమ్మ అందుకుంది. ఎంతైనా అవకాశం వదిలే మనిషి కాదు. "సిగ్గులేకపోతే సరి! ఇంత గొంతేసుకుని అరుస్తావా, బయట మీ మావగారు వినట్లా? మా అబ్బాయికి ఇంతకంటే పిల్ల దొరకలేదమ్మా, దీంతో వేగలేక చస్తున్నాను. నువ్వు బాగా వెతుకు తల్లీ, బుర్ర ఎక్కడైనా దొరుకుతుందేమో!"

ఎత్తరి మనిషి విసుక్కుంది. ఇలాంటి అత్తాకోడళ్లను పొద్దుట్నుంచీ చూసి చూసి ఉంది. అక్కడా ఇక్కడా తడిమి, "పొండి" అని చెయ్యి ఊపింది.

గేటు దాటాక కూడా షకీబా చాలా దూరం కాళ్లీడుస్తూనే నడిచింది. లారీల పొగ, టీ దుకాణాలు, మళ్లీ పోలీసులు. ఇవతలి పోలీసుల చేతిలో పడితే వెనక్కి పంపేస్తారని అందరికీ తెలుసు. భయం గేటు దాటినంతలో పోయేది కాదు. అయినా ఆమె బతికి ఉంది, వేళ్లు ఏ యంత్రం మీదా పడలేదు.

ఒక దుకాణం చాటున బండి ఆపి పెదనాన్నకు టీ పట్టించారు. ఆయన చేతులు మంచుముద్దల్లా ఉన్నాయి. షకీబా తన అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక ఆయన చేతుల్ని పట్టుకుంది. పెదవులు మాత్రం ఏదో గొణుగుతూనే ఉన్నాయి.

"ఏంటే ఆ జపం?" అంది పెద్దమ్మ.

"పల్వాషా."

"ఎవరది?"

మొదటి తెర వెనక జరిగింది షకీబా చెప్పింది. పెద్దమ్మ ఒకసారి గేటు వైపు తిరిగి చూసింది. ముసుగు కింద ముక్కు తుడుచుకుంది. "సరేలే. ఆఫీసులో ముందు నీ సంగతి తేల్చుకో. తరవాత ఆవిడ మాట ఎత్తుదువుగాని" అంది.

"కాదు పెద్దమ్మా. ముందు ఆమె పేరే. వాళ్లు నా పేరడిగేలోగా ఆమె పేరు చెప్తాను. తరిమేస్తే మర్నాడు మళ్లీ వెళ్లి చెప్తాను."

పెదనాన్న టీ గ్లాసు దించి నవ్వాడు. "ఇంక నడవండి. మూత్రపిండాలు నావే గానీ, తొందర ఇప్పుడు దీనిదిలా ఉంది."

బండివాడు పక్కకు తప్పుకున్నాడు, షకీబా పిడి పట్టింది. ఎదురుగా పెషావర్ పోయే ఎత్తు దారి. భుజాలు వాటంతటవే నిటారయ్యాయి, అడుగులు పెద్దవయ్యాయి. బండి గులకరాళ్ల మీద గడగడలాడుతూ సాగింది. వెనక పెద్దమ్మ బురఖా ఎత్తిపట్టుకుని, రొప్పుతూ, పరుగులాంటి నడకతో వస్తోంది.

"కాస్త నెమ్మదే! ఏంటా నడక? దండెత్తి వెళ్తున్నావటే?"

"అవును పెద్దమ్మా" అంది షకీబా, వెనక్కి చూడకుండా.