బంపరు కింద మిల్లు బెల్టు

శ్యామలాదేవి పోయిన రోజున ఆమె కారు వాకిట్లోనే ఉంది. ఆ ఉదయమే ఆమె బంపరుకు కట్టిన నిమ్మకాయలూ మిరపకాయలూ సాయంత్రానికి కూడా వాడిపోలేదు.

ఆమె భర్త శేషగిరిరావు తిరువూరులో సైన్సు మాస్టారు. ఆ పాత డబ్బా కారులో ఆయనది ఎప్పుడూ పక్క సీటే. వేగం అరవై దాటితే ముందుభాగం తేలిపోతోందని, స్టీరింగు చేతిలో నిలవడం లేదని ఆమె చెబుతూ ఉండేది. ఇప్పుడు నడపడం ఆయన వంతయింది.

కూతురు అర్చనకు భయం. ఒక్కసారి తను పక్కన కూర్చుని చూస్తానని, అప్పుడూ ఊగితే కారును వదిలించుకోవాలని పట్టుబట్టింది. ఆయన సరేనన్నాడు. వదులుకోవడం మాత్రం ఆయన వల్ల అయ్యే పని కాదు.

కారు తేలడానికి ఎదురుగాలే కారణమనుకుని, మొదట దాన్ని చీల్చాలనుకున్నాడు. డెంటింగు చేసే ఏబెల్ చేత రేకుతో కోసుగా ముక్కు చేయించి గ్రిల్లు మీద బిగించాడు. ఎ.కొండూరు చేరేలోపే రేడియేటరు మరిగి పొగలు కక్కింది.

"ఆవకాయ జాడీకి మూతేసినట్టు బిగించాం మాస్టారూ. ఇక గాలెక్కడాడుద్దండీ?" అన్నాడు ఏబెల్. చాలా రోజుల తర్వాత ఆయనకు నవ్వొచ్చింది.

ముక్కు విప్పుతుంటే ఎండిన నిమ్మకాయల దండ కనిపించింది. కిందికి వేలాడాల్సింది వెనక్కి పోయి, కారు అడుగున కడ్డీకి చుట్టుకుని ఉంది. శ్యామల కట్టిన ప్రతి దండా అలాగే లోపలికి పోయేది. అంటే గాలి బంపరు కింద దూరి ముందుభాగాన్ని పైకి లేపుతోంది. ఆ దారి మూస్తే చాలు.

రేకయితే స్పీడుబ్రేకరుకు తగిలి వంగిపోతుంది. అందుకని బియ్యం మిల్లు నడిపే వెంకటప్పయ్యను అడిగి, అరిగిన రబ్బరు బెల్టు తెచ్చాడు. ఏబెల్ దాన్ని జానెడు వెడల్పున కోసి బంపరు కింద అడ్డంగా బిగించాడు. పాత దండను మాస్టారు విప్పి డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాడు.

ఆదివారం అర్చన తలుపు పిడి పట్టుకుని పక్కన కూర్చుంది. మామిడితోటలు దాటాక రోడ్డు తిన్నగా ఉంది. వేగం అరవై దాటింది. ఎదురుగా విజయవాడ బస్సు విసురుగా పోయింది. స్టీరింగు కదల్లేదు. ఇంజను వేడెక్కలేదు. ఆయన అప్పుడు ఊపిరి వదిలాడు.

అర్చన కూడా పిడి వదిలేసింది.

"అమ్మయితే ఎనభై కొట్టేది నాన్నా."

"కొట్టేది," అన్నాడు.

"ఉంచుకుందాంలే కారుని."

ఇంటికొచ్చాక కారు కడిగి, బెల్టుకు అంటిన దుమ్ము తుడిచాడు. బంపరుకు కొత్త నిమ్మకాయలు ఇంకా కట్టలేదు.