వదులు కాని భుజం

"ఉతికేది మిషను. నొప్పి నీకా?" అనేది అత్తగారు మంచం మీంచి, కోడలితో. ఆ మాటకు ఆవిడ కొడుకు పకపకా నవ్వేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని తనూ ఒకటి విసిరేవాడు.

ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లను మిషన్లోంచి లాగి బండిలోకి ఎత్తడం కోడలి పని. కుడి భుజం పట్టేసి చాలాకాలమైంది. మడతల బల్ల దగ్గరికి మార్చమంటే సూపర్‌వైజరు, "నొప్పులు అందరికీ ఉంటాయమ్మా, రుజువేంటి?" అన్నాడు. పుండైతే చూపించొచ్చు. నొప్పిని ఏ చేత్తో పట్టుకుని చూపించాలి?

అందుకే, కండల అలసట కొలుస్తానంటూ చదువుకునే అమ్మాయి ఒకతె మిషను పట్టుకుని లాండ్రీకి వస్తే అందరికంటే ముందు ఈమే ఒప్పుకుంది. ఆ మిషను గీసే గీతలో అలసట తేలితే బల్ల దగ్గరికి మారుస్తానని సూపర్‌వైజరూ తలూపాడు.

అమ్మాయి ఆమె భుజానికి బిళ్ళలు అంటించి తీగలు తగిలించింది. కండ పనిచేస్తే తెర మీద గీత వణుకుతుంది. దుప్పట్లు ఎత్తుతూ దించుతూ అలిసేకొద్దీ ఆ వణుకు నెమ్మదిస్తుందట.

"ముందు చెయ్యి వదిలెయ్యండక్కా. ఊరికే వేలాడనివ్వండి."

వదిలేసింది. గీత వణుకుతూనే ఉంది.

"ఇంకా వదలాలి."

"వదిలేశానమ్మా!"

అమ్మాయి బిళ్ళలు మార్చింది, తీగలు సరిచూసింది. గీత నిద్రపోలేదు.

"పొద్దున్నుంచీ ఏమైనా పని చేశారా అక్కా?"

"లేదే. ఇప్పుడేగా డ్యూటీ ఎక్కింది," అంటూనే ఆగింది. అత్తగారిని మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, మళ్ళీ ఎత్తడం, నీళ్ళు మొయ్యడం, బట్టలు పిండడం. ఇవన్నీ పనేనని ఆమెకే తోచలేదు. ఇన్నేళ్ళూ వింటూ వింటూ వాళ్ళ మాటే తన నోట్లోకీ వచ్చి కూర్చుంది కాబోలు.

"అలిసిపోయి వచ్చిన కండని కొలిస్తే ఇక్కడెంత అలిసిందో తెలీదక్కా. రేపు ఏ పనీ చెయ్యకుండా రండి."

ఆ సంగతి చెబితే భర్త వెటకారంగా చూశాడు. "బాగుంది! ఉతికేదీ మిషనే, ఊరుకోమనేదీ మిషనే."

తెల్లవారగానే అత్తగారు పిలిచింది. ఆమె పక్క మీంచి కదల్లేదు.

"మీ అమ్మని ఇవాళ మీరు లేపండి," అంది.

అతను గొణుక్కుంటూ లేచాడు. తల్లి చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఊపున ఎత్తబోయాడు.

"నెమ్మదిరా నాన్నా!" అత్తగారు కంగారుపడింది. "నీ కుడి భుజం మీద భారం వెయ్యకు. ఒకసారి పట్టేసిందంటే వదలదు. రాత్రంతా పీకుతుంది."

గోడవైపు తిరిగి పడుకున్న ఆమె కళ్ళు తెరిచింది. అత్తగారికి తెలుసు. ఏ భుజమో తెలుసు, ఎప్పుడు పీకుతుందో తెలుసు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఏ మిషనూ లేకుండానే తెలిసిపోయింది.

"ఈ కొలతలు ఇంకెన్నాళ్ళే?" అన్నాడు భర్త రొప్పుతూ.

అమ్మాయి అడిగింది ఒక్క రోజే.

"చాన్నాళ్ళు పడుతుందన్నారు," అంది ఆమె, దుప్పటి భుజం మీదకి లాక్కుంటూ.