చీటీ లేని సీసాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో గోడలకు కూడా తెలుసు. ఇరవై రెండేళ్ల సర్వీసు, చేతికింద నలుగురు. కొత్తగా చేరినవాళ్లకు ద్రవాభిసరణ పాఠం చెప్పేది నేనే.

"రక్తకణం చుట్టూ పల్చటి పొర ఉంటుంది. అది నీళ్లను పోనిస్తుంది, ఉప్పును ఆపుతుంది. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు పోతాయి. అందుకే కణాల్ని ఉప్పునీళ్లతోనే కడగాలి. ఉత్త నీళ్లు పోశారో, అవి లోపలికి దూరి దూరి కణం ఉబ్బి పగిలిపోతుంది."

నా బల్ల మీద ఎడమ సీసాలో ఉప్పునీళ్లు, కుడి సీసాలో ఉత్త నీళ్లు. చీటీలు అంటించమని వాళ్లెంత పోరినా, "నా చేతికి కళ్లున్నాయి" అనేదాన్ని. ఆ రోజు పొద్దున బల్ల తుడిచి, సీసాలు మళ్లీ పెట్టింది కూడా నేనే.

పైవార్డు నుంచి ఒక ముసలావిడ రక్తం వచ్చింది. మధ్యాహ్నం ఆవిడకు తుంటి ఆపరేషన్. ఎక్కించబోయే రక్తం సరిపడుతుందని నేను తేల్చి చెబితేనే అది జరుగుతుంది. గొట్టంలోంచి కొన్ని కణాలు తీసి, ఎడమ సీసా నీళ్లతో కడిగి, గిర్రున తిప్పే మిషన్లో పెట్టాను. అడుగున ఎర్రగా పేరుకోవాల్సిన కణాలు లేవు. అంతా ఎర్రటి నీళ్లే.

వెంటనే వార్డు నర్సుకు ఫోన్ చేశాను. ఏ పనికీ తొందరపడదని మేం ఆమెకు పెట్టిన పేరు నిదానం.

"రక్తం తీశావా, పిండావా? కణాలన్నీ పగిలిపోయాయి!"

"మెల్లగానే తీశానక్కా. పెద్దమ్మ నరాలు మరీ సన్నం..."

"కథలు చెప్పకు. మళ్లీ తియ్యి."

మళ్లీ తీసింది. మళ్లీ పగిలాయి. ఈసారి మెట్లెక్కి వెళ్లి, వార్డు మధ్యలో, డాక్టరు ముందే నోరు పారేసుకున్నాను. ఇన్నేళ్లూ ఏం నేర్చుకున్నావన్నాను. ఫిర్యాదు రాస్తానన్నాను. నిదానం తల వంచుకుని మూడోసారి సూది పట్టుకుంది.

ఆ గొట్టం తెచ్చి, ముందు కడగకుండా దాన్నే మిషన్లో తిప్పి చూశాను. ఎర్రటి కణాలు అడుగుకు దిగి, పైన ద్రవం తేటగా, పసుపుగా నిలిచింది. కణాలు పగిలుంటే ఆ తేట కూడా ఎర్రబడాలి. మిగిలిన రెండు గొట్టాలూ తిప్పాను. అవీ పసుపే. అంటే కణాలు పగిలింది నేను కడిగాకే. ఎడమ సీసాలోంచి ఒక చుక్క అద్దం మీద వేసి, వేడి చేసి ఆరబెట్టాను. ఉప్పు మరక లేదు. కుడి సీసా చుక్క తెల్లగా మరక కట్టింది.

తల కొట్టేసినట్టయింది. కుడి సీసాతో పరీక్ష పూర్తి చేశాను. రక్తం సరిపడింది. అంతటితో ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నిజం చెబుతున్నాను, ఊరుకుందామనే అనుకున్నాను. సరిపడిందని చెప్పడానికే ఫోన్ చేశాను.

"హమ్మయ్య" అంది నిదానం. "ముందు రెండుసార్లూ నా పొరపాటే అయ్యుంటుందక్కా. సారీ."

ఇక కూర్చోలేకపోయాను. పైకి వెళ్లాను. డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు. ముసలావిడ రెండు చేతులూ మోచేతుల దగ్గర కమిలి ఉన్నాయి.

"తప్పు నాదండీ. సీసాలు తారుమారు చేసుకున్నాను. మొదటిసారి తీసిన రక్తం కూడా బాగానే ఉంది."

"అయితే ఈ పిల్ల సరిగ్గానే తీసిందా?" అంది ముసలావిడ.

"సరిగ్గానే తీసిందండీ."

ఆవిడ నిదానం చెయ్యి పట్టుకుంది. "ఈవిడ మాట నమ్మి నేనూ నిన్ను పని రాదని తిట్టాను కదే తల్లీ."

"పర్లేదు పెద్దమ్మా" అంది నిదానం.

ఆ మాట నాతో కూడా అంటుందేమోనని నిలబడ్డాను. అనలేదు.