చుక్క లేని చోటు

ఉప్పల్‌లో కొత్తగా తెరిచిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఒక సీడీ కావాల్సి వచ్చింది. అందులో ఏవి పెట్టాలో, ఏది దేనికంటే మంచిదో పోల్చి రాసే పని ఆఫీసు యజమాని కామరాజుగారు విక్టోరియాకు అప్పజెప్పాడు.

"మూడు ఆటలు, రెండు బిల్డ్ టూల్స్. చదివేది పిల్లలమ్మా, సులువుగా రాయి. నెలాఖరుకి ఇచ్చేద్దాం," అన్నాడు.

వాళ్ళ ఆఫీసు నాచారంలో, అట్టపెట్టెలు చేసే షెడ్డు మీద. కింది నుంచి జిగురు వాసన మెట్లెక్కి వచ్చేది. విక్టోరియా అక్కడ మాన్యువల్స్ రాసేది. ఆమె భర్త సామ్యేలు అదే ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడు. కిందటేడు, తొంభై ఏడులో, కామెర్లు ముదిరి పోయాడు. పిల్లలు లేరు. చిల్కానగర్‌లోని రెండు గదుల ఇంట్లో ఇప్పుడు ఆమె, అత్త మరియమ్మ మిగిలారు.

ఆ మూడు ఆటలదీ ఒకటే పద్ధతి. బొమ్మలుండవు. నల్లటి తెర మీద అక్షరాలే. చుక్కలంటే నేల, గీతలంటే గోడ, నడుస్తున్న చిన్న గుర్తు మనం. మెట్లు దిగుతూ నేలమాళిగల్లోకి పోవాలి. చస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలు.

మొదటి ఆటలో చచ్చినవాడికి తెర మీద ఒక సమాధి రాయి గీసి చూపిస్తారు, అంతటితో సరి. రెండో ఆటలో పైన ఒక ఊరు ఉంటుంది, కొట్లుంటాయి, కావలసినవి కొనుక్కుని కిందికి దిగవచ్చు. మూడోది వేరు. అందులో చచ్చినవాడు ఒక్కోసారి ఆ అంతస్తులోనే ఉండిపోతాడు. అదే కంప్యూటర్లో ఇంకెవరైనా ఆడుతూ అక్కడికి దిగితే అతని సామాన్లు పడి కనిపిస్తాయి. అతని దయ్యం తిరుగుతూ ఉంటుంది.

సామ్యేలు భోజనాల వేళ ఆడింది ఈ మూడోదే. ఒకరోజు ఐదో అంతస్తులో చచ్చి, కుర్చీ వెనక్కి జరిపి పెద్దగా నవ్వాడు.

"విక్కీ, నేను సచ్చిన! నా సామాన్లన్ని ఆడ్నే ఉన్నయ్. నువ్వొస్తే తీస్కో."

"నాకేం పని? నీ సామాన్లు ఇంట్ల సదరలేకనే నా నడుం ఇరుగుతుంది," అంది విక్టోరియా టిఫిన్ డబ్బా మూత పెడుతూ.

ఆ వారంలోనే అతని కళ్ళు పచ్చబడ్డాయి.

అదంతా ఆమె మరిచిపోయింది. పోలిక రాయాలి కాబట్టి ఇప్పుడు సామ్యేలు వాడిన కంప్యూటర్లోనే ఒక్కొక్క ఆటా ఆడుతూ వచ్చింది. మూడో ఆటలో ఐదో అంతస్తుకు దిగేసరికి వెలుతురున్న ఒక గది తగిలింది. గది నిండా చుక్కలు. భయంతో కదలలేకపోతున్నావని తెర పైన ఒక వాక్యం వచ్చింది. గదిలో ఒకచోట చుక్క లేదు. ఆ ఖాళీ పక్కకు జరిగింది. ఇందాకటి చోట మళ్ళీ చుక్క కనిపించింది. అదేమిటని ఆటనే అడిగితే పేరు చెప్పింది: సామ్యేలు దయ్యం.

విక్టోరియా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది.

"ఏమే, ఆట ఆడుతూ నిద్రపోతున్నావా?" అంది పక్క సీటు శ్యామలాదేవి. కాకినాడ నుంచి వచ్చి హబ్సిగూడలో ఉంటోంది. నోరు పెద్దది, మనసు మంచిది.

"లేదక్కా. సూస్తున్న."

ఆ దయ్యం చాలా మెల్లగా నడిచేది. ఆమె నాలుగడుగులు వేస్తే అది ఒకటి వేసేది. దగ్గరికొచ్చి ముట్టుకుంటే ఆమె ప్రాణంలోంచి ఒక్క అంకె తగ్గేది. అంతకు మించి ఏమీ చేయలేదు. ఆమె కత్తి తీయలేదు. మూల పడి ఉన్న అతని సామాన్లూ ముట్టలేదు. రెండుసార్లు ముట్టుకోనిచ్చి దూరం జరిగేది. పోయిన ప్రాణం తిరిగొచ్చేదాకా గది చుట్టూ నడిచేది. వెనకాల అతను. భోజనం గంట అయిపోగానే ఆటను భద్రం చేసి లేచేది.

ఆట నియమం ఆమె చదివింది. ఒకసారి ఎదురుపడ్డ దయ్యం ఇంకెవరికీ ఎదురుపడదు. ఇక అతను ఉన్నది ఆమె ఆటలోనే, ఆమె అందులో బతికి ఉన్నన్నాళ్ళే. ఫ్లాపీలో నకలు తీసుకుందామనుకుంది. నకలు తీస్తే ఇద్దరు సామ్యేలులవుతారు, అప్పుడు ఎవరి వెంట నడవాలి? తన ఆలోచనకు తనకే నవ్వొచ్చి ఫ్లాపీ సొరుగులో పడేసింది.

ఇంట్లో చెబితే మరియమ్మ ముందు కోపం చేసింది. "మనం ప్రార్థన జేసేటోళ్ళం బిడ్డా. సచ్చిపోయినోళ్ళు ప్రభువు దగ్గర ఉంటరు గానీ డబ్బాల ఉంటరా?" అంది. కానీ మర్నాడు సాయంత్రం అన్నం వడ్డిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఇయ్యాల సూసినవా?"

"సూసిన అత్తమ్మా. జర మెల్లగ నడుస్తుండు."

"చిన్నప్పుడు గూడ గంతే. నడక ఆలస్యం వానికి."

అప్పట్నుంచి రోజూ అడిగేది.

ఆటల మీద రాయడం అయింది. బిల్డ్ టూల్స్ మిగిలాయి. మనుషులు రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్ నడపగలిగేలా కట్టిపెట్టే పనిముట్లవి. రెంటినీ సరిగా పోల్చాలంటే రెంటితోనూ ఒకటే కట్టి చూడాలి. విక్టోరియా మూడో ఆటనే ఎంచుకుంది. మారిన ముక్కల్ని మాత్రమే తిరిగి కట్టే మొదటి పనిముట్టు చురుకైనది. రెండోది ప్రతిసారీ అన్నీ మొదట్నుంచి కడుతుంది, కానీ తప్పు ఎక్కడుందో వివరంగా చెబుతుంది. కట్టాక ఆటను దాని చోట పెట్టడానికి ఆట రాసినవాళ్ళు రెండు దారులిచ్చారు. ఇన్‌స్టాల్ అంటే పాతదంతా తుడిచేసి కొత్తది పెడుతుంది. అప్‌డేట్ అంటే జనం సగంలో ఆపిన ఆటల్ని అలాగే ఉంచుతుంది. విక్టోరియా ప్రతిసారీ అప్‌డేట్ అనే కొట్టేది.

సామ్యేలు పోయి ఏడాది అవుతుందని శనివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. ఆమె సెలవు పెట్టింది. రాయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి శ్యామలాదేవి ముఖం వెలిగిపోతోంది.

"నీ పని కూడా నేనే చేసిపెట్టాను. రెంటితోనూ కట్టేశాను. టైములన్నీ కాగితం మీద రాసిపెట్టాను, చూసుకో. మొదటిదే గెలిచింది."

విక్టోరియా సంచి భుజాన ఉండగానే అడిగింది. "కట్టినంక ఏం కొట్టినవక్కా?"

"ఏం కొట్టడమేంటే? ఇన్‌స్టాల్. లోకంలో అన్నిటికీ అదేగా."

విక్టోరియా కూర్చుని ఆట తెరిచింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళను అడిగినట్టే, నీవెవరుగా ఆడతావని అది అడిగింది. మూసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే ప్రశ్న. ఆటలు దాచే చోటుకెళ్ళి చూసింది. అక్కడ ఏమీ లేదు.

"ఏమైందే? తప్పు చేశానా?" శ్యామలాదేవి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"లేదక్కా. మంచిగనే చేసినవ్."

"మరి మొహం అలా ఉందేం?"

"మొన్న ప్రార్థనకు మస్తు మంది వచ్చిన్రు. ఇంక అలసట తీరలే."

శ్యామలాదేవి ఇంటి నుంచి తెచ్చిన పెసరట్టులో సగం తుంచి ఆమె డబ్బా మూతలో పెట్టింది. విక్టోరియా దాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

మధ్యాహ్నానికల్లా పోలిక పూర్తయింది. రెండు పనిముట్లూ పిల్లలకు పనికొస్తాయని, తొందర పనికి మొదటిది, నేర్చుకోవడానికి రెండోది మేలని రాసింది. చివర ఇంకొక వాక్యం చేర్చి కింద గీత గీసింది: సగంలో ఉన్న ఆట మిగలాలనుకునేవాళ్ళు ఇన్‌స్టాల్ అని కొట్టవద్దు, అప్‌డేట్ అని కొట్టాలి.

కామరాజుగారు చదివి, "ఇంత చిన్నదానికి గీతెందుకమ్మా?" అన్నాడు.

"పిల్లలకు తెల్వదు సార్."

ఆయన భుజాలెగరేసి సంతకం చేశాడు.

సాయంత్రం మరియమ్మ కంచం ముందు పెట్టి, ఎప్పటిలాగే తల ఎత్తకుండా అడిగింది. "ఇయ్యాల సూసినవా?"

"లేడు అత్తమ్మా. తుడ్సుకపోయిండు."

మరియమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఎవరు తుడ్సిన్రు?"

"ఎవరు గాదు. మిషిన్ల పని గట్లనే ఉంటది."

పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ కూతవేసింది.

"నేను నమ్మి అడగలే బిడ్డా," అంది మరియమ్మ. "వాన్ని సూసిన అన్నరోజు నువ్వు రెండు ముద్దలు ఎక్కువ తింటుండె. గందుకే అడిగిన."

విక్టోరియా తల ఊపింది. అన్నం మీద పప్పు చల్లారి తెట్టు కడుతోంది. మరియమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, గోడ వైపు చూస్తూ మళ్ళీ అడిగింది.

"మరి ఆఖరు దినం ఎటు దిక్కు నడుస్తుండె?"

"నా దిక్కే అత్తమ్మా. మెల్లగ."

మరియమ్మ ఇంకో గరిటె అన్నం వడ్డించింది. విక్టోరియా వద్దనలేదు. కలుపుతూ కూర్చుంది, అది కూడా చల్లారిపోయేదాకా.