లాడ్జి అడ్రసు

మేస్త్రీ తన తోడల్లుడు సర్దుబాటు మాట విన్నాడు చూడండి, అక్కడే కొంప మునిగింది. ఆ మనిషికి అసలు పేరేదో ఉన్నా, ఏ కష్టమొచ్చినా "సర్దుకుందాం లెండి అన్నయ్యా" అంటాడని బంధువులంతా సర్దుబాటు అనే పిలుస్తారు. తను సర్దుకుంటాడనుకునేరు! సర్దుకోవలసింది ఎప్పుడూ ఎదుటివాడే.

మేస్త్రీ పరాయి దేశానికి షికారుకెళ్లలేదు. అక్కడ వెల్డింగ్ పనిచేసే తమ్ముడు పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. టూరిస్టు వీసా అయితే తొందరగా దొరుకుతుందంటే, దాని మీదే కట్టుబట్టలతో బయల్దేరాడు. ఆపరేషనయింది. ఇంకో మూడు వారాలు కదపకుండా ఉంచితే, ఆ తర్వాత విమానంలో స్ట్రెచర్ మీద ఇంటికి తీసుకెళ్లొచ్చన్నాడు డాక్టరు. పక్కన సొంతమనిషి లేకపోతే విమానం వాళ్లు ఎక్కించుకోరు. మేస్త్రీ వీసా చూస్తే ఈ వారంతో సరి. అది పొడిగిస్తేనే తమ్ముడు ఇల్లు చేరేది.

ఆ దేశంలో పరాయి మనిషి ఎవరింట్లో దిగినా, ఆ ఇంటివాళ్లు మర్నాటికల్లా ఇమిగ్రేషన్ ఆఫీసుకి తెలియజేయాలట. తెలియజేస్తే రసీదు ఇస్తారు. ఆ రసీదు లేనిదే పొడిగింపు అర్జీ ముట్టుకోరు. దిగిన రోజే ఆస్పత్రిలో ఎవరో ఈ సంగతి చెబితే, మేస్త్రీ వెంటనే, ఆ ఊళ్లోనే ఉంటూ తనకి చోటిచ్చిన తోడల్లుణ్ణి అడిగాడు.

"చుట్టమింటికి చుట్టమొస్తే సర్కారుకి చెప్పేదేంటన్నయ్యా? గోడ దూకి వచ్చారా మీరు? అదంతా లాడ్జీల్లో దిగేవాళ్లకి" అని తీసిపారేశాడు సర్దుబాటు.

అసలు సంగతి వేరు. సర్దుబాటు ఉంటున్నది ఒంటిగది. మొగుడూ పెళ్లాం ఇద్దరికే ఒప్పందం. మూడో మనిషి ఉన్నాడని తెలిస్తే ఓనరు సామాన్లు వీధిలో పారేస్తాడు. ఆ ముక్క నోరు తెరిచి చెప్పుంటే మేస్త్రీ ఆస్పత్రి వరండాలోనో, ఏ బల్ల మీదో పడుకునేవాడు. చెబితే తోడల్లుడికి చోటివ్వలేకపోయాడని అత్తారింట్లో పరువు పోతుందట! పరువు ఆయనది, ప్రాణం మీదికి వచ్చింది ఇంకొకడికి.

తీరా రసీదు లేదని కౌంటరులో అర్జీ వెనక్కి నెట్టేశాక అప్పుడు కక్కాడు. కక్కి, మళ్లీ పాత పాటే.

"సర్దుకుందాం లెండి. నాకు తెలిసిన లాడ్జీ ఆయనున్నాడు. మీరు మొదట్నుంచీ అక్కడే ఉన్నట్టు రసీదు పుట్టిస్తాడు."

పొయ్యి దగ్గరున్న మరదలు వెనక్కి తిరిగింది. "ఎందుకండీ లేనిపోని అబద్ధాలు? ఓనరమ్మ కాళ్లు నేను పట్టుకుంటాను. బావని ఇరికించకండి."

"నువ్వు కూర మాడకుండా చూసుకో చాలు" అన్నాడు సర్దుబాటు.

మర్నాడు రసీదుతో మళ్లీ కౌంటరు దగ్గర నిలబడ్డాడు మేస్త్రీ. అద్దానికవతల ఆఫీసరమ్మ. ఇవతల దుబాసీ, మెడలో బిళ్ల వేలాడేసుకుని. అతని నోట మన మాట వినగానే మేస్త్రీకి నీళ్లలో కాలికి నేల తగిలినట్టయింది.

ఆఫీసరమ్మ రసీదు అటూ ఇటూ తిప్పింది. ఏదో అంది.

"ఇన్నాళ్లూ ఈ లాడ్జీలోనే ఉన్నావా అని అడుగుతున్నారు" అన్నాడు దుబాసీ. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా, ఆలస్యంగా చెబితే జరిమానాతో పోతుంది. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం దేశం దాటించేస్తారు. ఆలోచించుకో."

మేస్త్రీకి మరదలు గుర్తొచ్చింది. నిజం చెబితే వీధిన పడుతుంది. రోజూ క్యారేజీ కట్టి పంపిన పిల్ల. తమ్ముడికి జావ కాచి చెంచాతో తాగించిన పిల్ల.

"లాడ్జీలోనే" అన్నాడు.

ఆఫీసరమ్మ సంతకం పెట్టలేదు. లేచి కోటు తొడుక్కుంది.

"పద, గది చూపించు" అన్నాడు దుబాసీ.

మేస్త్రీ కారులో వెనక సీట్లో, చేతులు తొడల మధ్య నొక్కుకుని కూర్చున్నాడు. ఆ లాడ్జీ గడప తొక్కిన పాపాన పోలేదు తను. గది ఏ అంతస్తులో ఉందో తెలీదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలీదు. దార్లో సర్దుబాటుకి ఫోను చేద్దామా అంటే పక్కనే దుబాసీ.

లాడ్జీ ఆయన మాత్రం గట్టివాడు. మేస్త్రీని చూడగానే నవ్వి, తనే ముందు నడిచి, మేడ మీద గది తలుపు తీశాడు. మంచం, కుర్చీ, కిటికీ. మంచం మీద కాస్త నలిపిన దుప్పటి. ఆఫీసరమ్మ దుప్పటి చూసి తలాడించింది. మేస్త్రీకి ఊపిరాడింది. గండం గడిచింది, తమ్ముణ్ణి ఇంటికి తీసుకుపోతానన్న ఆశ అప్పుడే గుండెలోకి పాకింది.

జేబులో ఫోను మోగింది. మరదలు.

నొక్కి ఆపబోయాడు. ఆఫీసరమ్మ చెయ్యి చాపి, స్పీకరు పెట్టమన్నట్టు సైగ చేసింది.

"బావా! అన్నం చల్లారిపోతోంది, ఎప్పుడొస్తారు? మీ లుంగీ ఆరిపోయింది, మడతపెట్టి మీ పరుపు కింద పెట్టాను. ఓనరమ్మ అడిగింది గానీ, మా ఆయనదేలెండి అని చెప్పేశాను. భయం లేదు."

మేస్త్రీ దుబాసీ మొహంలోకి చూశాడు. మనవాడే కదా. ఆస్పత్రి నుంచి మాట్లాడుతోందంటే ఎవరికి తెలుస్తుంది? ఒక్క ముక్క మారిస్తే ఏం పోయింది?

"బాబూ, నడుం విరిగి మంచంలో ఉన్నాడయ్యా మా వాడు" అన్నాడు మెల్లగా.

"నాకూ పెళ్లాం పిల్లలున్నారు పెద్దాయనా" అన్నాడు దుబాసీ, కిటికీ వైపు చూస్తూ. చెప్పేశాడు. పరుపూ లుంగీతో సహా, పొల్లుపోకుండా.

ఆ సాయంత్రం పాస్‌పోర్టు మీద ఎర్ర ముద్ర పడింది. అర్జీ కొట్టేశారు, రెండ్రోజుల్లో దేశం వదలాలి. సర్దుబాటుకి జరిమానా వేసి వదిలేశారు. ఓనరు తిట్టాడు గానీ ఖాళీ చేయించలేదు. ఖాళీ చేయిస్తాడనే కదా ఇంతా చేసింది!

చివరిసారి ఆస్పత్రికి వెళ్తే తమ్ముడు వేళ్లతో అన్న చొక్కా అంచు పట్టుకున్నాడు.

"నువ్వెళ్లిపోతే నన్నెవరు తీసుకెళ్తారన్నయ్యా? ఇక్కడే వదిలేస్తారా నన్ను?"

"మీ అన్నగారు లేకపోతేనేం, నేనున్నాగా, సర్దుకుందాం" అన్నాడు గుమ్మంలోంచి తోడల్లుడు.

మేస్త్రీ ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని బయటికొచ్చాడు. సొంతమనిషి లేడని విమానం వాళ్లు స్ట్రెచర్ చోటు రద్దు చేశారు. ముందే కట్టిన డబ్బులో పైసా వెనక్కి రాదన్నారు. అది కట్టడానికి మేస్త్రీ అమ్మింది నూట ముప్ఫై ఆరు గజాల స్థలం, తూర్పు ముఖం, మూలబిట్టు.